అప్పగింత జాబితాలో లేని తాడు

మా ఆఫీసులో నన్ను అందరూ ‘విదేశాంగం’ అనేవారు. వెక్కిరింపుగానే మొదలుపెట్టారు గానీ పోనుపోను అదే నా పేరైపోయింది. మూడో అంతస్తులో, లిఫ్టు కూడా వెళ్లని మూలన, ఒక గది. అందులో ఒక బల్ల, రెండు బీరువాలు, పన్నెండు చిట్టి జెండాలు గుచ్చిన చెక్క పీట, ఒక టెలిఫోను, నేను. మా నగరపాలక సంస్థకు బయటి దేశాల ఊళ్లతో ఉన్న స్నేహమంతా ఆ గదిలోనే కాపురం ఉండేది. “ఊరికీ ఊరికీ పెళ్లిళ్లు చేస్తావు, నీ పెళ్లి మాత్రం మరిచిపోయావు” అని మా అక్క ఎప్పుడూ దెప్పేది.

మా నది మూడు దేశాల గుండా పారుతుంది. దాని ఒడ్డున ఉన్న పన్నెండు ఊళ్లు కలిసి ఒక సమాఖ్య పెట్టుకున్నాయి. రెండేళ్లకోసారి మేయర్లందరూ ఒకచోట కూడి ఫొటోలు దిగి, తీర్మానాలు చేసేవారు. ఆ తీర్మానాల్లో సగం నేను రాసినవే. ‘నీళ్లకు సరిహద్దు తెలియదు’ అని నేను ఒక మధ్యాహ్నం ఆవలిస్తూ రాసిన ముక్కను మా మేయరుగారు తన నోట్లోంచే పుట్టినట్టు చదివి చప్పట్లు కొట్టించుకున్నారు. నాకేం బాధ లేదు. ఆ మాటలతో ఎవరి కడుపూ నిండదని నాకు తెలుసు. ఆ సమాఖ్య మొత్తంలో నిజంగా పనికొచ్చింది ఒక్కటే. అది ఒక తాడు.

ఎగువన, సరిహద్దుకు అవతల ఉన్న ఊళ్లో, నది మీద పాత వంతెన ఉంది. దానికొక కాపలాదారు. నేను ఆయన్ని ‘వంతెనన్నయ్యా’ అంటాను, ఆయన నన్ను ‘చెల్లెమ్మా’ అంటాడు. ఆయన భాష నాకు వచ్చు, ఆ మాటకొస్తే నాకు ఈ ఉద్యోగం వచ్చిందే అందుకు. ఆయన రోజూ పొద్దున్నే వంతెన పిట్టగోడ మీంచి బరువు కట్టిన తాడు దించుతాడు. తాడుకు మూరకో ముడి. బరువు నీళ్లను తాకేసరికి ఎన్ని ముడులు దిగాయో లెక్కపెట్టి నాకు ఫోన్లో చెబుతాడు. “ఇవాళ ఇరవై రెండు చెల్లెమ్మా” అంటాడు. అంటే వంతెనకూ నీళ్లకూ మధ్య ఇరవై రెండు ముడుల ఖాళీ ఉందని. నది ఎంత లోతుందో వాళ్లకు అక్కర్లేదు. తమ వంతెనకు ఇంకా ఎంత దూరంలో ఉందో అదే కావాలి. తాతల నాటి నుంచీ వాళ్ల పద్ధతి అంతే.

మా వాళ్లకు లోతు కావాలి. వంతెన నుంచి నది అడుగు దాకా ముప్పై ముడులు. ముప్పైలోంచి ఇరవై రెండు తీసేసి, ‘ఎనిమిది’ అని మా వరద కంట్రోలు రూముకు చెప్పేదాన్ని. వాళ్ల అంకె తగ్గితే మాకు గండం పెరిగినట్టు. ఈ తీసివేత పంతొమ్మిదేళ్లు నా తలలోనే జరిగింది. ఏ కాగితం మీదా పెట్టలేదు. పెట్టడం ఎందుకు, నేనున్నాను కదా! నిజం చెప్పొద్దూ, నేను లేకపోతే వీళ్లకు గడవదన్న ఆలోచన నాకు చాలా తీయగా ఉండేది.

ఆరేళ్ల కిందట ఆ అంకె రెండు రోజుల్లో ఇరవై నుంచి ఏడుకు పడింది. ఎగువ ఊరికీ మాకూ మధ్య వెడల్పాటి పల్లం ఉంది. వచ్చిన నీళ్లన్నీ ముందు అది తాగేస్తుంది. అందుకే మా దగ్గర నది ఆఖరి దాకా ఏమీ ఎరగనట్టు ఉంటుంది. పల్లం నిండిందా, ఇక ఒక్కసారే వచ్చి పడుతుంది. వంతెన దగ్గరి నీళ్లు మా గట్టుకు రావడానికి ముప్పై గంటలు. ఆ ఏడాది మేము సైరన్ మోగించి దిగువ వీధి మొత్తం ఖాళీ చేయించాం. తెల్లారేసరికి కింది గదులన్నీ కిటికీల దాకా మునిగాయి, ఒక్క ప్రాణం పోలేదు. పేపర్లో మేయరుగారి ఫొటో వేశారు. దిగువ వీధి మధ్యలో లాండ్రీ నడుపుకునే మా అక్క మాత్రం నా చేయి పట్టుకుని, “నీ విదేశాంగం ఇన్నాళ్లకు ఒక పని చేసిందే” అంది.

మొన్న ఎండాకాలం జరిగిన సభలో మా పన్నెండు ఊళ్లూ కాస్త ధైర్యం చేశాయి. ఊళ్లు ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడుకునే హక్కును చట్టం చేయాలని మూడు రాజధానులనూ అడిగాయి. ఆ కాగితమూ నా చేతి రాతే. కాస్త ఘాటుగానే రాశాను. ‘నది పొంగినప్పుడు రాజధానిలో ఎవరి చెప్పులూ తడవవు’ అన్న వాక్యం కూడా అందులో ఉంది. ఆ వాక్యం ఎవరికో సూటిగా తగిలింది.

మూడు వారాల్లో సర్క్యులర్ వచ్చింది. ఏ ఊరి పాలక సంస్థా పరాయి దేశపు ఊరితో నేరుగా ఉత్తరం గానీ ఫోను గానీ నడపకూడదు. ఏ సమాచారమైనా రాజధాని నుంచి రాజధానికి వెళ్లి అక్కడి నుంచే రావాలి. మీరితే ఉద్యోగం పోవడమే కాదు, కేసు కూడా. మేయరుగారిని పక్కన పెట్టి, అధికారమంతా రాజధాని పంపిన కొత్త కమిషనరుగారి చేతిలో పెట్టారు. నా గదికి తాళం పడింది. నన్ను కింద అంతస్తులో జనన ధ్రువపత్రాల కౌంటరులో కూర్చోమన్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. అప్పగింత జాబితా రాయమంటే రాశాను. బల్ల ఒకటి, బీరువాలు రెండు, తాళంచెవులు నాలుగు, రబ్బరు స్టాంపులు మూడు, జెండాల పీట ఒకటి, గోడ గడియారం ఒకటి, అది కూడా నడవనిది. అలా పంతొమ్మిది అంశాలు. తాడు గురించి రాయడానికి కలం ఎత్తాను. ఎత్తి దించేశాను. ‘పెద్ద మొనగాళ్లు కదా, తంటాలు పడనీ, రేపో మాపో నా దగ్గరికే రారా’ అనుకున్నాను. అత్త మీద కోపం దుత్త మీద చూపడమంటే ఇదే. జాబితా కింద నా చేత్తోనే ‘ఇంతకు మించి అప్పగించవలసినది ఏదీ లేదు’ అని రాసి సంతకం చేశాను.

రెండు రోజుల తర్వాత, ఎగువ నీళ్ల లెక్కను గేటు దగ్గరి బోర్డు మీద రోజూ రాసే అటెండరు నా కౌంటరు దగ్గరికి వచ్చాడు. చేతులకు సుద్దపొడి.

“అమ్మా, మొన్నటిదాకా ఎనిమిది, తొమ్మిది అని రాసేవాణ్ణి. ఇవాళ రాజధాని కాగితంలో ఇరవై రెండు అని వచ్చింది. ఏంటండీ ఇది?”

“నన్నెందుకు అడుగుతావు? రాజధానిలో పెద్దలున్నారుగా, వాళ్లనే అడుగు.”

అతను నిజంగానే అడిగించాడు. ‘కొలత పద్ధతి మారినది, ఇకపై ఇదే ప్రామాణికం’ అని జవాబు వచ్చిందట. ఇరవై రెండు చూసి ఊళ్లో జనం రెండు రోజులు కంగారుపడి, నది మామూలుగానే ఉండటంతో అలవాటు పడిపోయారు. నేను మాత్రం ఆ బోర్డు మొహం చూడకూడదని వెనక గేటు నుంచి ఆఫీసుకు వెళ్లి రావడం మొదలుపెట్టాను. నాలుగు నెలలు ఒక్క అంకె చూడలేదు. అలక అంటే ఇలాగే ఉండాలి అనుకున్నాను. అప్పుడు నా మొహాన ఒక్కటి కొట్టేవాళ్లు లేకపోయారు.

వర్షాలు మొదలయ్యాయి. మా ఊళ్లో పెద్దగా లేవు, ఎగువన ఎక్కువ అని రేడియో చెప్పేది. ఒక గురువారం పొద్దున, రోజూ లాగే ఆఫీసుకు వెళ్తూ, టీ తాగుదామని అక్క దగ్గర ఆగాను. లాండ్రీలో ఆరు మిషన్లు వరసగా ఉంటాయి. వెనక గదిలో మా బావ మంచం మీద, తొడ దాకా కట్టుతో. మెట్ల మీంచి జారి కాలు విరగ్గొట్టుకుని అప్పటికి రెండు వారాలు.

అక్క మూడో మిషను ముందు నిలబడి తిట్టుకుంటోంది. “నిన్నటి నుంచి ఇదే వరస. నీళ్లు పోనే పోవు. పోసిన నీళ్లు పోకపోగా కింద నుంచి ఇంకా వస్తున్నాయి, చూడు.”

నేల మీది జాలీ లోంచి మట్టిరంగు నీళ్లు ఉబికి, బుడగ వేసి, మళ్లీ లోపలికి పోతున్నాయి. లోపల ఎవరో గుటకలు వేస్తున్నట్టు చప్పుడు. మురుగు కాలువ నదిలో కలిసే చోట నది కొద్దిగా పెరిగినా చాలు, ఇలా వెనక్కి తంతుంది.

“నదిలో నీళ్లు పెరిగాయేమో అక్కా.”

“పెరగడమేంటే? నాలుగు రోజుల నుంచి తగ్గుతోంది కదా! బోర్డు మీద రాస్తున్నారుగా. మొన్న తొమ్మిది, నిన్న మూడట. ఈ పాటికి ఇంకా తగ్గి ఉంటుంది.”

లోపల్నుంచి బావ కూడా అందుకున్నాడు. “ఇరవై నుంచి మూడుకు దిగిందమ్మా మరదలా! ఈ ఏడాది మన వీధి గట్టెక్కినట్టే.”

టీ గ్లాసు ఎక్కడ పెట్టానో గుర్తులేదు. మూడు అంటే వంతెనకూ నీళ్లకూ మధ్య మూడు మూరలు. అదీ ఇవాళ్టి లెక్క కాదు. రాజధానులు తిరిగి వచ్చేసరికి ఒక రోజు పాతబడిన లెక్క.

నాలుగు నెలల తర్వాత మొదటిసారి ముందు గేటుకు పరుగెత్తాను. అటెండరు స్టూలెక్కి, తడి గుడ్డతో మూడును తుడుస్తున్నాడు. కింద పదిమంది దాకా చూస్తున్నారు. అతను సుద్దముక్క తీసి, శ్రద్ధగా, గుండ్రంగా, ఒక సున్నా చుట్టాడు. ఎవరో ఈల వేశారు. ఒకామె చేతులు జోడించి, “హమ్మయ్య, గండం గడిచింది” అంది. అటెండరు నన్ను చూసి నవ్వాడు.

“చూశారా విదేశాంగమ్మా? సున్నా! నా సర్వీసులో సున్నా రాయడం ఇదే మొదలు.”

మూడేసి మెట్లు ఎక్కి కమిషనరుగారి గదికి పోయాను.

ఆయన చెడ్డవాడు కాదు. అది చెప్పాలి. నేను రొప్పుతూ చెప్పిందంతా విన్నాడు. తాడు, ముడులు, ఖాళీ, ముప్పైలోంచి తీసివేత. విని, బీరువాలోంచి నా పాత ఫైలు తెప్పించాడు.

“ఇది ఎక్కడ రాసి ఉందండీ?”

“రాసి లేదు సార్. నాకు తెలుసు.”

ఆయన జాబితా తీసి వేలు పెట్టి చూపించాడు. “ఇంతకు మించి అప్పగించవలసినది ఏదీ లేదు. ఈ సంతకం మీదే కదా?”

“నాదే. కావాలనే రాయలేదు సార్. కోపంతో. ఏ శిక్షైనా వేయండి, ముందు సైరన్ మోగించండి. మధ్యాహ్నానికి నీళ్లు వచ్చేస్తాయి.”

సైరన్ తాళంచెవి ఆయన బల్ల సొరుగులోనే ఉంటుంది. ఆయన చేయి సొరుగు మీదికి వెళ్లింది. అక్కడే ఆగింది.

“బోర్డు మీద సున్నా రాసి, అదే పూట సైరన్ మోగిస్తే జనం మనల్ని ఏమనుకుంటారు? కిటికీలోంచి చూడండి, నది ఎంత నెమ్మదిగా ఉందో. మీరు చెప్పింది కాగితం మీద పెట్టండి. రాజధానికి అర్జంటు అని పంపుతాను.”

“జవాబు ఎప్పుడొస్తుంది?”

“రేపు పొద్దుటికి వస్తుంది.”

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది అందామంటే, ఆయన చెవిటివాడు కూడా కాదు. కాగితం మీద లేనిది లోకంలో లేదని నమ్మేవాడు. ఆ నమ్మకానికి కావలసిన కాగితం నేనే సంతకం చేసి ఇచ్చాను.

మెట్ల మలుపులో నిలబడి నా సొంత ఫోను తీశాను. వంతెనన్నయ్య నంబరు నొక్కితే ఉద్యోగం పోతుంది, కేసు పడుతుంది. నొక్కాను. చాలాసేపు మోగింది. ఎత్తగానే ముందు ఆయన గొంతు వినబడలేదు. నీళ్ల హోరు వినబడింది.

“చెల్లెమ్మా? నువ్వా? మనం మాట్లాడకూడదన్నారు కదమ్మా.”

“అన్నయ్యా, సున్నా ఎప్పటిది?”

“నిన్న పొద్దున ఏడింటిది. ఆ తర్వాత లెక్క పంపలేదు, తాడు చుట్టి పైన పెట్టేశాను. దించడానికి చోటేదీ? పిట్టగోడ మీంచి పోతోంది నది. నేను మేడ మీద ఉన్నాను. దారిలో పల్లం కూడా నిండిపోయిందట. మీ వీధి ఖాళీ చేయించారు కదూ? ఆ గది వదిలేటప్పుడు అంకె సంగతి మీ వాళ్లకు చెప్పే ఉంటావుగా?”

లైను దానంతట అదే తెగిపోయింది. నా ఫోనులో టైము పదకొండు. నిన్న ఏడింటి నుంచి ముప్పై గంటలంటే ఇవాళ మధ్యాహ్నం ఒంటిగంట.

దిగువ వీధిలో నలభై ఒక్క గుమ్మాలు. నేను చేరేసరికి వీధి మహా హుషారుగా ఉంది. సున్నా కబురు నాకంటే ముందే వచ్చేసింది. ఆరేళ్లుగా గుమ్మాల ముందు పేర్చి ఉంచిన ఇసుక బస్తాలను ఇద్దరు మనుషులు బండిలోకి ఎత్తుతున్నారు, ఇక అక్కర్లేదని. పిల్లలు కాలువ మూత మీద నిలబడి గెంతుతున్నారు. కింద నుంచి గాలి తన్ని మూత టకటకలాడుతోంది, వాళ్లకు అదొక ఆట.

“అక్కా, బావను లేపు. కుర్చీలో కూర్చోబెట్టి పై వీధికి తీసుకుపోదాం. నది వచ్చేస్తోంది.”

“నీకేమైనా పిచ్చా? కాలు కదిపితే మళ్లీ విరుగుతుందన్నాడు డాక్టరు. బోర్డు మీద సున్నా రాశారట కదే!”

“ఆ బోర్డు తప్పు.”

“కమిషనరు తప్పు, రాజధాని తప్పు, బోర్డు తప్పు. నువ్వొక్కదానివే ఒప్పు! ఆ గది పోయినప్పటి నుంచి నీకు ఊరంతా తప్పుల తడకే. కోపం ఉంటే మనసులో పెట్టుకో, అంతేగానీ ఇలా జనాన్ని హడలగొట్టకు.”

తాడు పద్ధతి వివరించబోయాను. ముప్పై, తీసివేత అంటుండగానే అక్క మిషను వైపు తిరిగిపోయింది. నలభై గుమ్మాల్లో నలభై సార్లు ఇదే లెక్క చెప్పాలి, ఎవరు వింటారు? అప్పుడు నా నోట్లోంచి వేరే మాట వచ్చింది.

“అక్కా, తప్పు నాది. ఆ అంకె తగ్గితే నది పెరిగినట్టని నాకొక్కదానికే తెలుసు. ఎవరికీ చెప్పలేదు. కావాలనే రాయకుండా వచ్చాను. అటెండరు వచ్చి అడిగితే కూడా చెప్పలేదు. వాళ్లు ఏడవాలని.”

అక్క చేతిలోని తడి దుప్పటి అలాగే ఉంది. నన్ను ఎగాదిగా చూసింది.

“నీ తప్పా?”

“నాదే.”

“పుట్టి బుద్ధెరిగాక నీ నోట ఆ మాట వినలేదే నేను.” దుప్పటి కింద పడేసింది. “అయితే నిజమే. ఏవండీ, లేవండి! కాలు పోతే పోయింది!”

పక్కింటి ఇస్త్రీ ఆయన ఒక పక్క, అక్క ఒక పక్క పట్టుకుని బావను కుర్చీతో సహా ఎత్తారు. బావ నొప్పికి కేక పెట్టాడు. ఏడుస్తూనే నా వైపు చూసి, “మరదలా, నువ్వూ రా” అన్నాడు. రానన్నాను. అక్క నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. వీధి ఎక్కుతూ ఒక్కసారి వెనక్కి తిరిగి, “ప్రతి గుమ్మంలోనూ అదే చెప్పు. తాడూ గీడూ చెప్పకు. నా దగ్గర చెప్పినట్టే చెప్పు” అని అరిచింది.

దిగువ చివరికి పరుగెత్తాను. నది గట్టును ఆనుకుని ఉన్న మొదటి గుమ్మం నుంచి మొదలుపెట్టాను. “నేను నగరపాలక ఆఫీసులో పనిచేస్తానండీ. బోర్డు తప్పు. ఆ తప్పు నేను చేశాను, కావాలనే చేశాను. దయచేసి పైకి వెళ్లండి.” కొందరు బూతులు తిట్టారు. తిట్టినవాళ్లు కదిలారు. ఒకాయన నా భుజం పట్టుకుని తోసేసి, ఆ చేత్తోనే తల్లిని ఎత్తుకుని పరుగెత్తాడు. మర్యాదగా విన్నవాళ్లే కదల్లేదు. “మీరు మరీ బాధపడకండమ్మా, అంతా మంచికే” అని ఒక ముసలావిడ నాకు మంచినీళ్లిచ్చింది. ఆవిడను లేపడానికి ఎంత ప్రాధేయపడినా లేవలేదు. కీడెంచి మేలెంచమన్నారు గానీ, సున్నా చూశాక కీడెంచేవాళ్లు ఎవరున్నారు?

ఇరవై రెండో గుమ్మం దాటాను. వీధిలో పిల్లలు లేరు. కాలువ మూత టకటక ఆగిపోయింది. చూస్తే మూతే లేదు, ఆ చోట నీళ్లు గుండ్రంగా, చప్పుడు లేకుండా లేస్తున్నాయి. దూరంగా కొండ మీద కనిపించే గడియార స్తంభంలో ఇంకా పన్నెండున్నరే. నది అరగంట ముందే వచ్చింది.

ఇరవై నాలుగో తలుపు కొట్టేటప్పటికి కాళ్లకు చల్లగా తగిలింది. వెనక్కి చూశాను. ముసలావిడ గుమ్మంలో ఎవరూ లేరు, తలుపు మాత్రం తెరిచే ఉంది, అందులోకి నీళ్లు నడుచుకుంటూ పోతున్నాయి. ఆవిడ లేచి పైకి వెళ్లిందో లేదో నాకు ఈనాటికీ తెలియదు. తెలుసుకునే ధైర్యం లేదు.

నా ముందు తలుపు తెరుచుకుంది. చంటిపిల్లను ఎత్తుకున్న ఒకాయన నిలబడ్డాడు. ఆ పిల్ల ధ్రువపత్రం నేనే రాసిచ్చాను, పోయిన నెల. నన్ను గుర్తుపట్టి నవ్వబోయి, నా కాళ్ల దగ్గర నీళ్లను చూశాడు.

“ఇదేంటమ్మా? బోర్డు మీద సున్నా అన్నారుగా?”

“అన్నారు నాయనా. ఆ సున్నా నాది. పాపను ఇలా ఇవ్వు, పరుగెత్తు.”